ఎదురుకాళ్ళ ఆదివారాలు

ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు కొట్టేవాళ్ళు కాదు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. గేటు గొళ్ళెం ఒకసారి పైకెత్తి వదిలేవాళ్ళు. ఆ ఇనుప చప్పుడు వినగానే నేను లేచి తలుపు తీసేదాన్ని. వచ్చిన మనిషి, ఎక్కువగా ఆడమనిషే, నడుం మీద చెయ్యి వేసుకుని ఒక పక్కకి ఒరిగి లోపలికొచ్చి హాల్లో చాప మీద బోర్లా పడుకునేది. నేను గోడ పట్టుకుని నిలబడి ఎడమ పాదంతో ఆమె నడుం మీద మూడుసార్లు తొక్కేదాన్ని. ఆమె లేచి చీర సర్దుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేది.

వచ్చినప్పటి నుంచి వెళ్ళేదాకా ఇద్దరిలో ఎవరి నోటా మాట రాకూడదు. ఇద్దరూ పరగడుపున ఉండాలి. ఏమీ ఇవ్వకూడదు, ఏమీ తీసుకోకూడదు. మేలు చేశావని అనకూడదు. వెళ్ళొస్తానని కూడా అనకూడదు.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. కాన్పులో తల కాకుండా ముందు పాదాలు బయటికొచ్చాయి. అలా పుట్టినవాళ్ళ కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని మావైపు నమ్మకం. చిన్నప్పుడు నన్ను నిద్రలోనే మంచం మీంచి ఎత్తుకొచ్చి ఎవరి వీపు మీదనో నిలబెట్టేవాళ్ళు. కాలి కింద వెచ్చగా, మెత్తగా ఏదో కదిలేది. కళ్ళు తెరిచేసరికి మళ్ళీ మంచం మీద ఉండేదాన్ని.

తర్వాత దినపత్రికలో పనికి కుదిరాను. కొన్నాళ్ళు మండల వార్తలు రాశాను, ఆ తర్వాత డెస్కులో కూర్చుని ఇతరులు రాసినవి దిద్దాను. పెళ్ళి చేసుకోలేదు. మా ఎడిషన్ మూతపడ్డాక నరసరావుపేట తిరిగొచ్చి అద్దె ఇంట్లో దిగాను. వీధిలో నా ఉద్యోగం సంగతి ఎవరూ అడగలేదు. నేను ఎదురుకాళ్ళ మనిషినని మాత్రం ఎలాగో తెలిసిపోయింది. మిరప చేలల్లో వంగి కాయ కోసేవాళ్ళు, స్లాబు పనుల్లో తట్టలు మోసేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు ఉన్న ఊరు. ఇక్కడ నడుం నొప్పికి కొరత లేదు.

నా పాదంలో మహిమ ఉందని నేను నమ్మలేదు. లేదని గట్టిగా అనుకోనూ లేదు. వారమంతా మా గేటు దాటి లోపలికొచ్చేది పాలప్యాకెట్టు ఒక్కటే. ఆదివారం మాత్రం మనుషులొచ్చేవాళ్ళు. మాట్లాడకపోయినా వచ్చేవాళ్ళు. శనివారం సాయంత్రమే చాప దులిపి ఉంచేదాన్ని.

పోయినేడు నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవిదాకా కూడా లేచేది కాదు. జడ వేసుకోలేక జుట్టు కత్తిరించుకున్నాను. తిరుపతి వెళ్ళొచ్చావా అని కూరగాయల బండి ఆమె అడిగితే అవునన్నాను. జాకెట్టు తొడుక్కోవడం పెద్ద పని అయిపోయింది. చెయ్యి సగం దూరి ఇరుక్కుపోతే, అటు లోపలికీ ఇటు బయటికీ రాక, కాసేపు అలాగే మంచం మీద కూర్చునేదాన్ని. ఇంకో మనిషి ఉన్న ఇంట్లో అయితే ఒక్క కేకతో తీరే కష్టం అది.

పల్నాడు రోడ్డులో పురుగుమందుల షాపు పైన ఒక ఫిజియోథెరపీ సెంటరుంది. మెట్లెక్కుతుంటే మందుల వాసన మనతోబాటే పైకొస్తుంది. లోపల ఒక బల్ల, గోడకి కప్పీ, దానికో తాడు, కొక్కేనికి వేలాడే రబ్బరు పట్టీలు. నడిపేది గురజాల వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ముప్పై దాటి ఉంటుంది. ముందు నన్ను కూర్చోబెట్టి చాలాసేపు అడిగింది. ఎప్పటి నుంచి, ఏ పక్కకి తిరిగితే, నిద్రలో లేపుతోందా, షుగర్ ఉందా, ఎప్పుడైనా పడ్డారా, బరువు తగ్గారా. జీవితమంతా ఇతరులను ప్రశ్నలడిగిన దాన్ని. ఎదురుగా కూర్చుని జవాబులు చెప్పడం కొత్తగా ఉంది. ఇష్టంగానూ ఉంది.

తర్వాత లేచి నా వెనక్కి వచ్చింది. "చెయ్యి వెయ్యొచ్చా మేడమ్?"

"అడిగేదేముందమ్మా, అందుకేగా వచ్చింది."

"అయినా అడగాలి. నొప్పి ఎక్కువైతే ఆపమనండి, ఆపేస్తాను. ఓర్చుకున్నవాళ్ళకి ఇక్కడ బహుమతులేం ఇవ్వం."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. భుజం ఎముక చుట్టూ మెల్లగా తిరిగింది, ఒకచోట ఆగింది, నేను ఊపిరి వదిలేదాకా అక్కడే ఉంది. అంతకుముందు ఒక మనిషి చెయ్యి నా మీద ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. బస్సులో తగిలే భుజాలు గుర్తొచ్చాయి. రక్తం తీసేవాళ్ళ గ్లౌజులు గుర్తొచ్చాయి. ఇంకేమీ గుర్తు రాలేదు. ప్రతి ఆదివారం నా పాదం ఎవరికో ఒకరికి తగులుతూనే ఉంది. నన్ను మాత్రం ఎవరూ తాకలేదు.

"ఇది దానంతట అది బిగుసుకుంటుంది, దానంతట అదే వదులుతుంది," అంది ఆ అమ్మాయి. "నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏడాది దాటుతుంది. నేను చెయ్యి వేస్తే కాసేపు నొప్పి తగ్గుతుంది. ఆ కాసేపట్లో మీరు కదిలించుకోవాలి. నా చేతులు చేసే పని అంతవరకే."

ఇంత తక్కువ చెప్పుకునే వైద్యం నేనెక్కడా చూడలేదు. మా పేపర్లో వచ్చే ప్రకటనలన్నీ ఒక్క వారంలో నయం చేసేవే.

కొన్నాళ్ళు పోయాక, మాటల్లో, నా పాదం సంగతి చెప్పాను. ఆ అమ్మాయి తాడు వదిలేసి నవ్వింది. "మీరా! మా నాయనమ్మ నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళాయన కోసం రెండూళ్ళు దాటి పోయేది. పోయొచ్చాక బానే తిరిగేది కూడా."

"అంటే పనిచేస్తుందంటావా?"

"పట్టేసిన నడుం చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది మేడమ్. వాళ్ళు మీ దగ్గరికొచ్చేది నొప్పి బాగా ముదిరినప్పుడు. ఇక అక్కడి నుంచి తగ్గేదే. పైగా ఇక పోతుందిలే అని నమ్మకం కలిగితే భయం తగ్గి నడుస్తారు. నడిస్తే మంచిది. జరిగిన ఎముకని మీ కాలు లోపలికి నెడుతుందనుకుంటారు చూడండి, అది మాత్రం జరగదు. నా చేతులతో కూడా జరగదు. మా వృత్తిలో కూడా అలా చెప్పేవాళ్ళున్నారు." తాడు మళ్ళీ అందుకుంటూ అడిగింది, "తొక్కే ముందు ఏం అడుగుతారు?"

"ఏం అడగను. మాట్లాడకూడదు."

నవ్వు పోయింది. ఆ అమ్మాయి స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "అడక్కుండా నేను చెయ్యి కూడా వెయ్యను మేడమ్. మీరు కాలు వేస్తున్నారు. వందలో ఏ ఒక్కరిదో అందరిలాంటి నొప్పి కాదు. ముసలామె ఎముక గుల్లబారి విరిగి ఉండొచ్చు. లోపల ఇంకేదన్నా జబ్బుండొచ్చు. అన్నిటికంటే తొందరది ఒకటుంది. రెండు కాళ్ళల్లో బలం తగ్గడం, తొడల మధ్య తిమ్మిరెక్కడం, ఒంటికి పోవడం తెలియకపోవడం. అది ఆ రోజే ఆసుపత్రికి పోవాల్సిన కేసు. ఆ నడుం మీద మీరు కాలు వేస్తే, రెండ్రోజుల్లో తగ్గుద్దిలే అని ఇంట్లో పడుకుంటుంది. ఆ రెండ్రోజులే పోతాయి."

"అయితే మానెయ్యమంటావా?"

"మెల్లగా తాకించండి, నాకేం ఇబ్బంది లేదు. అడిగి తాకించండి. అడగలేకపోతే మానెయ్యండి."

ఇంటికొచ్చి దీని గురించే ఆలోచించాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని అడగడం తప్ప నాకు వేరే పని రాదు. అయితే ఆదివారం నోరు తెరిస్తే ఆ ఆదివారాలు ఇక ఉండవు. మాట పడితే గుణం పోతుందని అందరికీ తెలుసు. మాట్లాడే ఎదురుకాళ్ళ మనిషి దగ్గరికి ఎవరొస్తారు? తర్వాతి ఆదివారం పాదాన్ని పక్షి వాలినంత తేలిగ్గా ఆనించాను. వచ్చినామె లేచి, ఇంతేనా అన్నట్టు చూసి వెళ్ళింది. నోరు మాత్రం తెరవలేకపోయాను.

ఆ తర్వాతి ఆదివారం మా వీధి చివరి ఇంటామె వచ్చింది. మిరపకాయల కోల్డ్ స్టోరేజిలో తొడిమలు తీసే పనికి పోతుంది. పొద్దున్నుంచి సాయంత్రందాకా గచ్చు మీద కూర్చునే పని. భర్త మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడు తోలే లారీ డ్రైవరు. ఆమె అంతకుముందు కూడా వచ్చింది. ఈసారి గొళ్ళెం ఎత్తిన చప్పుడు వినబడింది గానీ వదిలిన చప్పుడు వినబడలేదు. వెళ్ళి చూస్తే గేటు పట్టుకుని వేలాడుతోంది. లోపలికి నడుస్తుంటే కుడి పాదం నేల మీద చప్పున పడుతోంది. రెండో కాలు కూడా నిలకడగా లేదు. చాప దాకా వచ్చి, పడుకోవడం చేతగాక గోడకి ఆనుకుంది. చీర కింద మడత పెట్టిన పాత తువ్వాలు కట్టుకున్నట్టు ఉబ్బుగా కనబడుతోంది.

"రెండు కాళ్ళూ మొద్దుబారాయా?" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవి చేసి పెదాల మీద వేలు పెట్టింది. మాట్లాడొద్దని చెయ్యి ఊపింది. చాప చూపించింది.

"కాలు వెయ్యను. ముందు చెప్పు."

"ఏందక్కా నువ్వు!" గట్టిగా అరిచింది. "పొద్దున్నించి మంచినీళ్ళు గూడా ముట్టుకోకుండా, ఇంట్లో ఒక్కరితో మాట్లాడకుండా వచ్చానే! అంతా నాశనం చేశావు గదా!"

"అయిపోయిందిగా. ఇప్పుడు చెప్పు. కాళ్ళెట్టా ఉన్నాయి?"

"కాళ్ళకేం, మొద్దుబారినయ్యి. నొప్పి నడుం గదా. నడుం మీద వెయ్యి."

"కూర్చుంటే కింద గచ్చు తెలుస్తోందా? ఒంటికి పోతే తెలుస్తోందా?"

"చీ, సిగ్గుల్లేకుండా ఏం మాటలక్కా అయ్యి!" అంది. తర్వాత గోడవైపు తిరిగింది. గొంతు తగ్గిపోయింది. "నిన్న మధ్యాన్నం నించి సరిగ్గా రావట్లా. వచ్చినా నాకు తెలవట్లా. చీర తడిసిందాకా తెలవలా. ఆయనకి చెప్పమాక."

ఫిజియోథెరపీ అమ్మాయికి ఫోన్ చేశాను. అన్నీ చెప్పేసరికి ఆ అమ్మాయి గొంతు మారింది. "తొక్కొద్దు, నొక్కొద్దు. నా దగ్గరికి కూడా తేవద్దు, ఇది చేతులతో తీసే నొప్పి కాదు. ఇప్పుడే గుంటూరు, పెద్ద ఆసుపత్రికి, ఎమర్జెన్సీలోకి పోవాలి. నాకు చెప్పినవన్నీ అక్కడ డాక్టరుకి ఇట్లాగే చెప్పండి. ఆలస్యమైతే పోయిన స్పర్శ మళ్ళీ రాకపోవచ్చు."

భర్తని పిలిపిస్తే లోడు దించి పడుకున్న మనిషి కళ్ళు నలుపుకుంటూ వచ్చాడు. "కాలు వెయ్యమని పంపిస్తే ఇంటర్వ్యూ పెట్టావేందక్కా?" అన్నాడు నాతో. పెళ్ళాంతో, "ఏమే, లేస్తావా లేదా?" అన్నాడు.

"ఈమె మాట్టాడింది. ఇంక ఈమె కాలు పన్జెయ్యదు," అందామె. "ముప్పాళ్ళలో ఇంకో ఆయన ఉన్నాడంట. ఆడికి తీసకపో."

"సరే, ముప్పాళ్ళ పోదాం పద."

నాకు చేతకాని పని బతిమాలడం. ఆ రోజు బతిమాలాను. చివరికి బేరం కుదిరింది. ముందు గుంటూరు పోవాలి. అక్కడ ఏమీ లేదంటే, తిరిగొచ్చేటప్పుడు సత్తెనపల్లి మీదుగా ముప్పాళ్ళ పోవాలి. కారు నేనే మాట్లాడాను, నేనూ ఎక్కాను. దారి పొడవునా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపమనుకున్నాను. ఫిరంగిపురం దాటాక మంచినీళ్ళ సీసా ఇస్తే మూతి తిప్పుకుంది. అప్పుడర్థమైంది. ముప్పాళ్ళ ఆయన కోసం పరగడుపునే ఉంది. అందుకే నోరు విప్పడం లేదు.

అక్కడ స్కాన్ తీశారు. వెన్నులో జారిన డిస్కు నరాల గుత్తిని నొక్కేస్తోందన్నారు. ఆ రోజే ఆపరేషన్ చేశారు. ఇంకా ఆగకుండా వచ్చి మంచి పని చేశారని డాక్టరు భర్తతో అన్నాడు. ఆమె భర్త నా వైపు చూసి, బయటికెళ్ళి టీ తెచ్చిచ్చాడు.

ఆమె ఇంటికొచ్చాక చూడటానికి వెళ్ళాను. వాకరు పట్టుకుని వరండాలో నిలబడింది. ఒంటికి పోయేది తెలుస్తోందని, కుడి పాదం మాత్రం ఇంకా కొంచెం ఈడుస్తోందని చెప్పింది. కుర్చీ వేసింది. కాఫీ ఇప్పించింది. తాగుతుంటే మామూలుగానే అంది, "నువ్వు ఆ రోజు నోరు తెరవకుండా ఒక్కసారి కాలు వేసుంటే ఈ కోత తప్పేదక్కా."

"కాలు వేసుంటే నువ్వు ఇట్టా నిలబడేదానివి కాదు."

"నువ్వు చదువుకున్నదానివి, అట్టాగే అంటావు," అంది. గొంతులో కోపం లేదు. నిజంగా అలాగే నమ్ముతోంది. నేను గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఆ ఆదివారం గొళ్ళెం చప్పుడు కాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ కాలేదు. కూరగాయల బండి ఆమె కొత్తిమీర కట్ట విదిలిస్తూ చెప్పింది, "నోరు జారిందంట గదా, కాలు చెడిపోయిందంటన్నారు. చానా బాధేసిందక్కా." జాలితోనే చెప్పింది. నెలలు గడిచాయి. పొద్దున లేచి కాఫీ ఎప్పుడంటే అప్పుడు తాగొచ్చు. ఆ స్వేచ్ఛతో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. పాలప్యాకెట్టు తెచ్చి, కాచి, చల్లారబెట్టి, మళ్ళీ కాచేదాన్ని.

ఈలోగా భుజం వదిలింది. చెయ్యి తలమీదికి పోతోంది. కత్తిరించిన జుట్టు మెడదాకా పెరిగింది. ఒకరోజు ఫిజియోథెరపీ అమ్మాయి నా చేత అన్ని వైపులా తిప్పించి చూసి, "ఇక రానక్కర్లేదు మేడమ్. ఇంట్లో చేసుకోవడమే," అంది.

"వెనక్కి పెడితే ఇంకా కొంచెం లాగుతోంది."

"అది ఉంటుంది. అదీ పోతుంది. దానికి నా చేతులు అవసరం లేదు. మీకు అలవాటు చేయడం నాకు ఇష్టం లేదు." ఆ అమ్మాయి సరిగ్గానే చెప్పింది. మెట్లు దిగి పురుగుమందుల షాపు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆటోవాళ్ళు ఎక్కడికని అడుగుతూనే ఉన్నారు.

బరంపేటలో కొత్తగా కాపురానికొచ్చిన ఒకమ్మాయి ఎదురుకాళ్ళదని, అందరూ అక్కడికే పోతున్నారని వేసవిలో తెలిసింది. శావల్యాపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఒక శనివారం వెళ్ళాను. వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేనెవరో చెప్పగానే క్లిప్పు నోట్లోంచి తీసి నవ్వింది.

"ఏందత్తా, నీ దగ్గరికి రావటంలేదని కుళ్ళా?"

"కుళ్ళే అనుకో. నాలుగు ముక్కలు చెప్పిపోదామని వచ్చాను." కాళ్ళ బలం గురించి, తొడల మధ్య తిమ్మిరి గురించి, ఒంటికి పోవడం గురించి చెప్పాను. పెద్దవాళ్ళు పడ్డారేమో అడగమన్నాను. జ్వరం ఉందేమో అడగమన్నాను. తొక్కొద్దు, ఊరికే ఆనించు అన్నాను. దండెం మీద చీర పరుస్తూ అంతా వింది. మంచి పిల్ల, మధ్యలో ఆపలేదు.

"అయ్యన్నీ అడగాలంటే నోరు తెరవాలి గదత్తా," అంది చివరికి. "తెరిస్తే ఏమైద్దో నిన్ను చూశాగా. నీ గడప ఎవురన్నా తొక్కుతున్నారా?"

లేదన్నాను.

"మరి నాకు చెప్తావేంది?" తడి చెయ్యి చీరకి తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. ఎందుకో తెలియకుండానే తెల్లారకముందే లేచాను. స్నానం చేసి, కాఫీ తాగి, ఆటో ఎక్కి బరంపేట వెళ్ళాను. ఆ ఇంటి ముందు అరుగు మీద మనుషులు వరసగా కూర్చున్నారు. ఎవరి నోటా మాట లేదు. ఒకామె కొంగు నోట్లో పెట్టుకుంది. నేనెళ్ళి చివర్లో కూర్చున్నాను. పక్కన తాపీమేస్త్రీ. గోళ్ళ చుట్టూ సిమెంటు ఎండి ఉంది, చెయ్యి నడుం మీద ఉంది.

"నొప్పి కాల్లోకి దిగుతోందా?" అని మెల్లగా అడిగాను.

అతను ఉలిక్కిపడి వేలు పెదాల మీద పెట్టాడు. వరసలో తలలన్నీ నా వైపు తిరిగాయి. తలుపు తెరిచి ఆ పిల్ల బయటికొచ్చింది. నన్ను చూసి గుడ్లురిమింది. తిట్టాలని ఉంది, పెదాలు కదిలాయి కూడా. కానీ పరగడుపున ఉంది, ఆదివారం, ఎదురుగా జనం. పైకి ఒక్క మాటా అనలేక, వరసలో ముందున్నామెను తీసుకుని లోపలికెళ్ళింది.

నేను కదల్లేదు. కాసేపు పోయాక మేస్త్రీ తలుపు వైపు చూశాడు, వరస వైపు చూశాడు, తల వంచి నా చెవి దగ్గరికి తెచ్చాడు.

"ఎడం కాల్లోకండీ. పిక్క దాకా లాగుతంది."

"రెండో కాలు?"

అడ్డంగా తలూపాడు.

"తిమ్మిరేమన్నా? ఒంటికి బాగానే పోతున్నావా?"

తలూపాడు. తిమ్మిరి లేదు, జ్వరం లేదు, ఎక్కడా పడలేదు. "అయితే వెళ్ళు," అన్నాను. "మెల్లగా ఆనించమని సైగ చెయ్యి. ఇంటికిపోయి పడుకోమాక, కాస్త కాస్త నడువు. పదిరోజులైనా తగ్గకపోతే, కాలు బలం తప్పితే డాక్టరుకి చూపించుకో."

అతని వంతు వచ్చింది. గోడ పట్టుకుని లేచి లోపలికెళ్ళాడు, కాసేపటికి బయటికొచ్చి నా వైపు చూడకుండా వీధిలోకి నడిచాడు. చూడకూడదు కదా. అతను లేచిన చోట అరుగు మీద ఇంకొకామె వచ్చి కూర్చుంది, నడుం పట్టుకుని, మూతి బిగించుకుని. నేను ఆమె వైపు జరిగాను.